పాత ఎస్టీమ్‌కి బయటి ఈసీయూ: నాలుగేళ్ల వాడకం, పొల్యూషన్ టెస్టు లెక్కలు

బండి మారుతి ఎస్టీమ్ 1.3, 16 వాల్వుల ఎంపీఎఫ్‌ఐ (పెట్రోలు ఇంజెక్టర్లతో పోసే ఇంజిన్). క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు), హెడర్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే పైపులు) మారాయి. పొగని శుభ్రం చేసే కన్వర్టర్ అలాగే ఉంది. కంపెనీ ఈసీయూకి (పెట్రోలు, స్పార్క్ లెక్కించే కంప్యూటర్) బదులు మొదట మైక్రోస్క్వర్ట్, తర్వాత స్పీడువినో. రెండూ కలిపి నాలుగేళ్లు: విజయనగరం ట్రాఫిక్, భోగాపురం మీదుగా హైవే, ఎస్.కోట దాటాక అరకు ఘాట్. హార్స్‌పవర్ ముచ్చట్లు ఇక్కడ పెద్దగా దొరకవు. ఆరు నెలలకోసారి బంకు దగ్గర పొల్యూషన్ వ్యాన్‌కి పైపు అప్పగించాల్సిన బండికి ఏ కంప్యూటర్ సరిపోతుంది, ఎక్కడ మొరాయిస్తుంది అన్నదే సంగతి.

టెస్టులో దాటకూడని గీతలు ఎక్కడున్నాయో ముందు చూడండి. బీఎస్ (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణం) 2, బీఎస్ 3 పెట్రోలు కారుకి స్లో స్పీడులో (ఐడిలింగ్) సీవో (కార్బన్ మోనాక్సైడ్) 0.5 శాతం, హెచ్‌సీ (మండని పెట్రోలు ఆవిరి) 750 పీపీఎం దాటకూడదు. బీఎస్ 4 నుంచి అవి 0.3, 200. పైగా 2500 ఆర్‌పీఎం దగ్గర సీవో 0.2 లోపు, లాంబ్డా (గాలి-పెట్రోలు పాళ్లు సరిగ్గా ఉంటే 1, పెట్రోలు ఎక్కువైతే అంతకు తక్కువ) 0.97కీ 1.03కీ మధ్య. ఎస్టీమ్‌కి మొదటి గీత చాలు. అయినా ట్యూన్ రెండో గీతకే చేసుకోవాలి. కన్వర్టర్ ముసలిదయ్యేకొద్దీ చేతిలో మిగిలేది ఆ తేడాయే.

ఫిల్టరూ సైలెన్సరూ మాత్రమే మార్చినవాళ్లకి ఏ ఈసీయూ అక్కర్లేదు. కంపెనీ ఈసీఎం (బండితో వచ్చిన ఈసీయూ) ఆ మాత్రం తేడాని ఆక్సిజన్ సెన్సర్ చూసి తనే సర్దుకుంటుంది. మధ్యలో తగిలించే పిగ్గీబ్యాక్ పెట్టెలతో వచ్చే చిక్కూ అదే. సిగ్నల్ మార్చి పెట్టె పెట్రోలు పెంచుతుంది, స్లోలోనూ మామూలు నడకలోనూ ఈసీఎం దాన్ని మళ్లీ తగ్గించేస్తుంది. టెస్టు జరిగేది సరిగ్గా ఆ రెండు చోట్లే. క్యామ్, ఇంజెక్టర్లు, టర్బో దాకా వెళ్తేనే స్టాండెలోన్ (కంపెనీ ఈసీఎం బదులు పూర్తిగా తనే నడిపే ఈసీయూ) గురించి ఆలోచించండి.

మైక్రోస్క్వర్ట్ సీలు చేసిన చిన్న డబ్బా. తడికీ వేడికీ ఓర్చుకుంటుంది. లోపల మ్యాప్ సెన్సర్ (ఇంజిన్ పీల్చే గాలి పీడనం కొలిచేది) ఉండదు, బయట పెట్టుకోవాలి. ఇంజెక్టర్ చానళ్లు రెండే, కాబట్టి నాలుగు సిలిండర్లకి జంటలుగా కొట్టాల్సిందే. స్పీడువినో ఆర్డువినో మెగా మీద నడిచే ఓపెన్ సోర్స్ బోర్డు. నాలుగు ఇంజెక్టర్లకి విడివిడి చానళ్లు, మ్యాప్ సెన్సర్ బోర్డు మీదే. ట్యూనింగ్ రెండింటికీ ట్యూనర్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లోనే. పొల్యూషన్ వరకైతే రెండింటికీ తేడా చూపించడం కష్టం. జంటగా కొట్టినా స్లోలో సీవో ఏమీ పెరగలేదు. వైరింగులో తలనొప్పి వద్దనుకుంటే మైక్రోస్క్వర్ట్, చేత్తో సోల్డరింగ్ చేసుకోగలిగితే స్పీడువినో. మన తీరం గాలికి స్పీడువినో బోర్డుని డాష్‌బోర్డు కిందే, కోటింగ్ కొట్టి, డబ్బాలో పెట్టాలి. బానెట్ కింద పెడితే రెండో వానాకాలానికే పిన్నులు పచ్చబారతాయి.

అసలు పరీక్ష స్లో స్పీడుకే. ఓవర్‌ల్యాప్ (లోపలికీ బయటికీ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువున్న క్యామ్ వేస్తే మ్యాప్ రీడింగు ఊగుతుంది, అప్పుడప్పుడు ఒక సిలిండర్ మంట తప్పుతుంది. మండని గాలిలోని ఆక్సిజన్ సైలెన్సర్‌లోకి వస్తే వైడ్‌బ్యాండ్ సెన్సర్ (లాంబ్డాని అంకెల్లో కొలిచే ఆక్సిజన్ సెన్సర్) పెట్రోలు తక్కువైందని చెబుతుంది. అది నమ్మి ఈసీయూ ఇంకా పోస్తుంది. హెచ్‌సీ ముందే ఎక్కువ, ఇప్పుడు సీవో కూడా తోడు. ఈ వలలో పడకుండా క్లోజ్డ్ లూప్ దిద్దుబాటుని (సెన్సర్ చూసి ఈసీయూ చేసే సర్దుబాటు) 10 శాతానికి మించకుండా కట్టేయాలి. స్లోని 950 నుంచి 1000కి పెంచి, స్పార్క్ టైమింగ్ 12–15 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంచాలి. అప్పటికీ మిస్సింగ్ ఉంటే అది ట్యూన్‌తో పోదు, క్యామే తగ్గించాలి. హెడర్ జాయింటులో గాలి పీల్చినా ఇదే నాటకం. సెన్సర్‌కి ముందున్న సన్నని లీకు చాలు.

ఇంజెక్టర్ల విషయంలో దుబారా ఎక్కువ. 100 హార్స్‌పవర్ దాకా సిలిండర్‌కి నిమిషానికి 200 సీసీ సరిపోతుంది. 440 సీసీవి వేస్తే స్లోలో అవి తెరుచుకునే సమయం మరీ చిన్నదైపోయి ప్రతిసారీ ఒకే కొలత పడదు. డెడ్ టైమ్ (కరెంటు ఇచ్చాక ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే సమయం, వోల్టేజీని బట్టి మారుతుంది) కూడా సరిగ్గా ఇవ్వాలి. ఏసీ, హెడ్‌లైట్లు వేయగానే లాంబ్డా జరిగిందంటే తప్పు అక్కడే.

మన మెకానిక్కులు వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వు పీకేస్తారు. రోహిణి కార్తెలో అది మంచి పనిలాగే కనిపిస్తుంది. కానీ ఇంజిన్ 80 డిగ్రీలకి చేరకపోతే వార్మప్ టేబుల్ (చల్లటి ఇంజిన్‌కి అదనపు పెట్రోలు లెక్క) 100 శాతానికి దిగదు, ఎప్పుడూ ఐదారు శాతం ఎక్కువ పోస్తూనే ఉంటుంది. సీవోలో ఫెయిలైన బండికి ఈసీయూని తిట్టే ముందు ఆ వాల్వు ఉందో లేదో చూడండి.

ఎర్తు గురించి ఒక్క లెక్క చాలు. వైడ్‌బ్యాండ్ 0–5 వోల్టుల్లో 10–20 ఏఎఫ్‌ఆర్ (పెట్రోలుకి గాలి ఎన్ని రెట్లు) చూపిస్తే, ఎర్తులో 0.2 వోల్టు తేడా అంటే 0.4 ఏఎఫ్‌ఆర్. లాంబ్డాలో అది 0.027. బీఎస్ 4 ఇచ్చిన వెసులుబాటు మొత్తం అందులోనే హరీ. సెన్సర్ల ఎర్తులన్నీ ఈసీయూకే, పవర్ ఎర్తు ఇంజిన్ బ్లాకుకే. వైడ్‌బ్యాండ్ సెన్సర్‌కి కరెంటు ఇవ్వకుండా ఇంజిన్ నడపకండి, మసి పట్టి చచ్చిపోతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికి సరైన పాళ్లు 13.5 దగ్గర, 14.7 కాదు. పాత ట్యూన్‌లో ఎనిమిది తొమ్మిది శాతం తక్కువ పోసినట్టవుతుంది. టార్గెట్ టేబుల్‌ని లాంబ్డాలోనే రాసుకుంటే ఈ గొడవ ఉండదు. సెన్సర్ కొలిచేది ఎలాగూ అదే.

అరకు వెళ్లేవాళ్లకో మాట. స్పీడువినో మామూలుగా తాళం తిప్పినప్పుడు ఒకసారి గాలి పీడనం చదివి దాన్నే పట్టుకుంటుంది. ఎస్.కోటలో స్టార్టు చేసి ఆపకుండా దాదాపు 900 మీటర్లు ఎక్కేసరికి పది కిలోపాస్కల్ తేడా. మ్యాప్ మీద నడిచే ట్యూన్‌కి పెద్ద నష్టం లేదు. మ్యాప్ బదులు థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చూసి నడిచే ఆల్ఫా-ఎన్ ట్యూన్ అయితే నల్లపొగ. దానికి రెండో పీడన సెన్సర్ తప్పనిసరి.

టెస్టుకి నెల్లిమర్ల నుంచి విజయనగరం వచ్చేంత దూరమైనా నడిపి వెళ్లండి. వ్యాన్ దగ్గర క్యూలో ఇంజిన్ ఆపకండి, కన్వర్టర్ చల్లారిపోతుంది. పైపు పెట్టేముందు రెండు నిమిషాలు 2500 దగ్గర ఉంచండి. అక్కడ కాలు వణికితే యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ (యాక్సిలరేటర్ తొక్కగానే అదనంగా పోసే పెట్రోలు) తగిలి సీవో ఎగిరిపడుతుంది, ఆ సెట్టింగు గడప కాస్త పెంచి ఉంచుకోవాలి.

బీఎస్ 6 కార్లకి ఇవేవీ వర్తించవు, వాటి జోలికి వెళ్లకండి. ఇంజినే మార్చితే ముందు ఆర్టీవో అనుమతి, ఆర్‌సీలో నమోదు. పొల్యూషన్ కాగితం ఒక్కటే ఉంటే బండిలో మార్పుల గురించిన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నుంచి బయటపడరు. 15 ఏళ్లు దాటి ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్లే బండికి కంపెనీ ఈసీఎం, దాని వైరింగు కోయకుండా దాచి ఉంచండి. అడాప్టర్ ప్లగ్గు చేయించుకుంటే అరగంటలో తిరిగి బిగించవచ్చు, పాత క్యామ్ కూడా ఎక్కించాల్సి వస్తే మాత్రం ఒక పూట పని.