క్లచ్ గట్టి, క్లాసు ఇంకా గట్టి

నలభై ఆరేళ్లకు కడపలో కారు నేర్చుకున్నాను. స్కూల్‌వాళ్ల పాత కారు క్లచ్ తొక్కీ తొక్కీ మోకాలు పట్టేసింది. ఏసీ సంగతి అడగొద్దు, అదీ మే నెలలో! మందు తాగి బండి నడపడం గురించి సార్ చెప్పిన క్లాసుకు మాత్రం ఫీజు మొత్తం ఇచ్చేయొచ్చు.

మన దేశంలో కొత్త లైసెన్సుకు వేరే లెక్క లేదు. ఎవరికైనా 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటకూడదు. దాటితే, 2019 సవరణ ప్రకారం మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ.

"ఒక్క బీరే కదా సార్?" అన్నాడు వెనక కుర్రోడు. "అది నీ ఒంట్లో ఎంత ఎక్కిందో చెప్పే మీటరు నీ దగ్గర ఉందా అబ్బీ?" అన్నారు సార్.

జర్మనీలో కొత్తవాళ్లకు మొదటి 2 ఏళ్లు సున్నానేనట. అక్కడ చదివే మా మేనల్లుడికి ఆ రాత్రే ఫోన్ చేశాను.

చేరేవాళ్లు పొద్దున 6 గంటల బ్యాచ్ అడగండి.