బైక్‌ని నేలకు కట్టే రాచెట్ బెల్టులు: నాలుగేళ్లు వాడాక

గాలివాన వస్తోందని తెలియగానే ఇప్పుడు నేను చేసే మొదటి పని బైక్ మీది కవర్ తీసేయడం. నాలుగేళ్ల కిందట దీనికి పూర్తిగా తలకిందులు. మబ్బు పట్టగానే పరుగున వెళ్లి కవర్ కప్పి, పొట్ట కింద క్లిప్పు పెట్టి, హమ్మయ్య అనుకుని ఇంట్లోకి వచ్చేవాణ్ని. ఒక్క రాత్రితో ఆ ధీమా పోయింది. దాని స్థానంలోకి పళ్ల చక్రంతో బిగించే రెండు రాచెట్ బెల్టులు, నేలలో దింపిన రెండు ఇనుప రింగులు వచ్చాయి.

బెల్టు వెడల్పెంత, ఎంత బరువు ఆపుతుంది అన్నవి ప్యాకెట్ మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను. నన్ను కట్టిపడేసింది ఆ రాచెట్ ఒక్కటే. పిడి ఆడించిన ప్రతిసారీ ‘టక్’మని ఒక పన్ను ముందుకు జరుగుతుంది. జరిగింది ఇక వెనక్కి రాదు. తాడుతో ఎంత గట్టిగా లాగి ముడి వేసినా, వేలు తీసే చివరి క్షణంలో కాస్త సడలుతుంది. ఆ కాస్తే గాలికి చాలు, బండిని ఊపడం మొదలుపెడుతుంది. రాచెట్‌లో ఆ సందు ఉండదు.

ఆ రాత్రి సంగతి చెప్పకపోతే ఇదంతా ఎందుకో అర్థం కాదు. బండి సైడ్ స్టాండ్ మీద, కవర్ కింద ఉంది. గాలి ఎడమవైపు నుంచి కొడుతోంది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కవర్ అంచున ఎలాస్టిక్ ఒకచోట లేచింది. అక్కణ్నుంచి గాలి దూరి కవర్ మొత్తం బుడగలా ఉబ్బింది. బండి నెమ్మదిగా, ఎవరో చెయ్యి వేసి లేపినట్టు, స్టాండ్ మీంచి నిటారుగా లేచింది. ఒక్క క్షణం అలాగే ఆగింది. తర్వాత కుడివైపుకి పడిపోయింది. నేను తలుపు తీసేలోపే అంతా అయిపోయింది. ముందు బ్రేక్ లివర్ విరిగింది, వెనక బ్రేక్ పెడల్ లోపలికి వంగింది, కుడి అద్దం ముక్కలైంది. టార్చి వేసి చూస్తే ట్యాంకు మూత దగ్గర పెట్రోలు చుక్కలు చుక్కలుగా కారుతోంది. పక్కింటాయన పరుగెత్తుకొచ్చారు. ఇద్దరం కలిసి బండి లేపాక ఆయన అన్నారు: “బండికి తెరచాప కట్టావు బాబూ, పడక ఏం చేస్తుంది?”

మర్నాడు కూర్చుని లెక్క వేసుకున్నాను. గంటకు 60 కిలోమీటర్ల గాలి, తనకు అడ్డంగా ఉన్న ఒక చదరపు మీటరు మీద దాదాపు 17 కిలోల బరువంత బలంతో నెడుతుంది. వేగం రెట్టింపై 120 అయితే ఆ బలం రెట్టింపుతో ఆగదు, నాలుగింతలై 68 కిలోల దాకా పోతుంది. కవర్ కప్పిన నా బైక్ పక్కనుంచి చూస్తే రెండు చదరపు మీటర్లకు దగ్గరగా ఉంటుంది. కవర్ లేకపోతే చక్రాల మధ్య నుంచి, ఇంజిన్ చుట్టుపక్కల నుంచి గాలి తన దారి తాను చూసుకుంటుంది. పైగా సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకి వాలి ఉంటుంది. కుడి నుంచి వచ్చే గాలిని స్టాండ్ మోస్తుంది. ఎడమ నుంచి వస్తే అడ్డుకునేది బండి సొంత బరువు ఒక్కటే.

ఆ కవర్ కొన్న కొత్తలో కనిపించిన వాళ్లందరికీ కొనమని చెప్పాను. నీళ్లు రానివ్వదని, ఎండకి సీటు పాడవకుండా చూస్తుందని చెప్పిన మాటలు ఇప్పటికీ నిజమే. ‘గాలికి కూడా భయం లేదు’ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. పొట్ట కింది క్లిప్పు కవర్ ఎగిరిపోకుండా ఆపుతుంది. బండి పడకుండా ఆపడం దాని వల్ల కాదు. నిజానికి కవర్ ఎగిరిపోయి ఉంటే ఆ రాత్రి బండి నిలబడేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

నేను బండి పెట్టేచోట నేల కాంక్రీటు. ముందు చక్రానికి అటూ ఇటూ రెండేసి అడుగుల దూరంలో యాంకర్ బోల్టులతో రింగులు బిగించాను. హ్యాండిల్ కింద, ముందు చక్రాన్ని మోసే ఫోర్కుల్ని పట్టి ఉంచే ఇనుప దిమ్మకి మెత్తటి గుడ్డ లూపులు చుట్టి, వాటికి బెల్టు కొక్కేలు తగిలిస్తాను. హ్యాండిల్ చివర్లకి గానీ ప్లాస్టిక్ భాగాలకి గానీ కట్టను. గేరు ఫస్ట్‌లో ఉంటుంది. ముందు బ్రేక్ లివర్‌ని ఒక వెల్క్రో పట్టీతో నొక్కి కట్టేస్తాను. బండి కాస్త ముందుకు దొర్లితే చాలు, సైడ్ స్టాండ్ మడుచుకుపోవచ్చు.

మొదటి జత బెల్టులు నైలాన్‌వి. చేతికి దొరికినవి తెచ్చాను. ఆ ఏడాది వచ్చిన మొదటి పెద్ద గాలికి సాయంత్రమే కట్టాను. బెల్టు మీద వేలితో కొడితే వీణ తీగలా మోగింది. ఎంతో ధైర్యంగా పడుకున్నాను. రాత్రి రెండింటికి ఏదో చప్పుడుకి మెలకువ వచ్చింది. వెళ్లి చూస్తే బండి ఊగుతోంది. ఎడమ బెల్టు కింద నాలుగు వేళ్లు దూరేంత వదులు! రాచెట్ ఒక్క పన్ను కూడా జారలేదు, కొక్కెం కదల్లేదు. సాగింది బెల్టే. నైలాన్ నీళ్లు పీలుస్తుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. అక్కడే వానలో నిలబడి మళ్లీ బిగించాను. గంట తర్వాత మళ్లీ బిగించాను. తెల్లవార్లూ అదే పని. ఆ రాత్రి పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. తప్పు రాచెట్‌ది కాదని తెలుసు కాబట్టి దాన్ని వదులుకోలేదు, బెల్టు గుడ్డ మార్చాను. పాలిస్టర్ బెల్టులు వచ్చాక ఆ బాధ లేదు. అది నీళ్లు దాదాపుగా పీల్చదు, సాగడమూ తక్కువే.

అసలు పరీక్ష మూడో ఏడు వచ్చింది. గంటకు 80, 90 కిలోమీటర్ల గాలులు వీస్తాయని ముందే హెచ్చరిక. కవర్ తీశాను, అద్దాలు విప్పి లోపల పెట్టాను, చుట్టుపక్కల ఉన్న కుండీలు, రేకు ముక్కలు అన్నీ సర్దేశాను. రాత్రంతా బెల్టులు బుయ్యిమని మోగాయి. బల్లపరుపు బెల్టు గాలికి అలా వణుకుతుంది. తెల్లవారాక తెలిసింది, బెల్టుని కట్టే ముందు ఒక్క మెలి తిప్పితే ఆ వణుకు ఆగిపోతుందని. అప్పటి నుంచి మెలి తప్పకుండా వేస్తున్నాను. పొద్దున్నే వెళ్లి చూస్తే బండి మీద తడి ఆకులు అంటుకుని ఉన్నాయి, ట్యాంకు మీద ఒక సన్నటి కొమ్మ. ఎలా పెట్టానో అలాగే ఉంది. చెయ్యి వేసి నిమిరాను. చాలాసేపు లోపలికి రాబుద్ధి కాలేదు.

‘ఎంత బిగిస్తే అంత మంచిది’ అని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. అది సరి కాదు. రాచెట్‌కి ఉన్న బలం మన చేతికి తెలియదు. ఎడమ బెల్టు మరీ బిగిస్తే ఆ భారమంతా సైడ్ స్టాండ్ మీద పడుతుంది. ఏడాదికే నా స్టాండ్ బోల్టు దగ్గర వదులు వచ్చింది, బండి మునుపటికంటే ఎక్కువ వాలడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎడమ, కుడి మార్చి మార్చి రెండేసి టక్కుల చొప్పున బిగిస్తూ, ఫోర్కు కొద్దిగా దిగగానే ఆపేస్తాను. గాలి తగ్గగానే వదులు చేస్తాను. వాన వెలిశాక రాచెట్ పళ్లకి ఒక చుక్క నూనె వేయాలి. ఒకసారి మర్చిపోతే తుప్పు పట్టి పిడి తెరుచుకోలేదు, ఆఫీసుకి ఆలస్యమైంది. ఎండలో వదిలేసినా బెల్టు నారలు పెళుసుబారతాయి. వాడనప్పుడు లోపల పెట్టాల్సిందే.

ఇది అందరికీ పనికొస్తుందని చెప్పలేను. నాది సొంత స్థలం, నేల కాంక్రీటు, బండి 180 కిలోలు. అద్దె ఇంట్లో నేలకి రంధ్రాలు వేయనివ్వరు. మట్టి నేల అయితే వానకి మెత్తబడి రింగే ఊడి వస్తుంది, స్టాండ్ కింద పలక పెట్టకపోతే స్టాండూ దిగబడుతుంది. వరసగా బళ్లు పెట్టేచోట మీ బండి కదలకపోయినా పక్క బండి వచ్చి దాని మీద పడొచ్చు. చెట్టు కింద పెట్టి బెల్టు కట్టడం కంటే కట్టకుండా చెట్టుకి దూరంగా పెట్టడం మేలు. గోడ చాటు దొరికితే ఇంకా మంచిది, గోడ మూల దగ్గర మాత్రం వద్దు. గాలి మూల తిరిగే చోట ఇంకా విసురుగా ఉంటుంది.

రాచెట్ల మీద నాకు ఇప్పటికీ ఏ ఫిర్యాదూ లేదు. పోయిన నెల ఎడమ రింగు చుట్టూ కాంక్రీటులో వెంట్రుకవాసి పగులు కనిపించింది. బోల్టు పొడవు చాల్లేదనుకుంటాను. వచ్చే గాలులకు ముందే దాన్ని తీసి, ఇంకాస్త లోతుగా దిగే బోల్టు వేయాలి.