కొత్త భవనం కారితే ఖర్చెవరిది? డిపాజిట్ మేలా, దావా మేలా?

ఆసుపత్రో, బడో, ఆఫీసో కట్టి రెండు వానాకాలాలు దాటకముందే శ్లాబు కారడం మొదలవుతుంది, సీలింగ్ పెచ్చులూడుతుంది. బాగుచేయాలని అందరూ ఒప్పుకుంటారు. డబ్బు ఎవరు పెట్టాలన్న దగ్గరే ఫైలు ఆగిపోతుంది. అప్పుడు శాఖ ముందు మూడు దారులుంటాయి: కట్టిన కాంట్రాక్టరుతోనే అతని ఖర్చుతో చేయించడం, వేరొకరితో చేయించి ఆ ఖర్చు అతని డిపాజిట్‌లో కోసుకోవడం, నష్టపరిహారానికి దావా వేయడం. ఇవేవీ కాకుండా మరమ్మతుల పేరుతో కొత్త ఎస్టిమేట్ వేస్తే ఒకే శ్లాబుకు జనం రెండుసార్లు కట్టినట్టు. నా కోపమంతా ఈ నాలుగో పద్ధతి మీదే.

ఏ దారి పట్టినా ముందు లోపం ఎవరిదో తేలాలి. గుంటూరు వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఆ నేలకు తగిన పునాది, అంటే అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున వెడల్పు చేసి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) లాంటివి, లేకపోతే గోడలు బీటలిస్తాయి. డ్రాయింగులోనే అలాంటి పునాది చూపకపోతే తప్పు డిజైన్ ఇచ్చినవాళ్లది, దాన్ని కాంట్రాక్టరు నెత్తిన వేయడం అన్యాయం. డ్రాయింగులో ఉన్నదాన్ని పనిలో ఎగ్గొడితే అతనిదే. విజయవాడలో 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత ‘వరద వల్లే’ అనే జవాబు కూడా వచ్చి చేరింది. మునిగిన కింది అంతస్తు గోడకు ఆ జవాబు చెల్లవచ్చు, పై అంతస్తు శ్లాబు కారడానికి చెల్లదు. 2017 జూన్‌లో వెలగపూడి అసెంబ్లీ భవనంలో అప్పటి ప్రతిపక్ష నేత చాంబర్లోకి వాన నీరు వచ్చినప్పుడు, కట్టడం నాసిరకమని ఒక పక్షం, పైపు ఎవరో కోశారని ఇంకో పక్షం వాదించాయి. స్పీకర్ సీఐడీ విచారణకు ఆదేశించారు. కారణం తేలనిదే ఖర్చు సంగతి తేలదు.

మొదటి దారి అన్నిటికంటే చవక. బిల్లు ఇచ్చినప్పుడల్లా కొంత శాతం డిపాజిట్‌గా పట్టుకుంటారు. చాలా ఒప్పందాల్లో పని పూర్తయ్యాక రెండేళ్లు లోపాల బాధ్యత కాంట్రాక్టరుదే. జడ్జి ముందు ఏదీ రుజువు చేయనక్కర్లేదు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) లేఖ చాలు. చిక్కేమిటంటే, నాసిగా కట్టిన చేతులే మళ్లీ వచ్చి పైపైన వాటర్‌ప్రూఫ్ పూత పూసి పోతాయి. ఆ పూత డిపాజిట్ విడుదలయ్యేదాకా ఆగితే అతనికి చాలు.

నోటీసుకు పలకకపోతే రెండో దారి. దీనికి కాగితం గట్టిగా ఉండాలి: గడువు పెట్టిన నోటీసు, తేదీ పడిన ఫొటోలు, ఇరుపక్షాల సంతకాలతో ఉమ్మడి తనిఖీ. ఆ తనిఖీ జరగకుండా శ్లాబు మీద సుత్తి వేస్తే సాక్ష్యం అక్కడితో పోయినట్టే. ఇంకొకరి పనిలో చేయిపెట్టి ఆ బాధ్యత నెత్తినేసుకోవడానికి కొత్త కాంట్రాక్టరు తేలిగ్గా రాడు, వచ్చినా రేటు ఎక్కువ చెబుతాడు. పాతవాడికి శాఖే బిల్లులు బాకీ ఉంటే ‘ముందు నా బిల్లు ఇవ్వండి’ అంటాడు. ఆ మాటకు జవాబు లేని అధికారి నోటీసు కూడా మెత్తగానే రాస్తాడు. బకాయిలు పేరబెట్టుకున్న ప్రభుత్వం నాణ్యత అడిగే నోరు పోగొట్టుకుంటుంది.

మూడోది బరువైన దారి. మన రాష్ట్ర ప్రభుత్వ పనుల ఒప్పందాల్లో 50,000 రూపాయలు దాటిన క్లెయిములకు సివిల్ కోర్టే దిక్కన్న నిబంధన చాలాకాలంగా ఉంది. నిర్మాణ ఒప్పందాల తగాదాలు 2015 చట్టం కింద కమర్షియల్ కోర్టు పరిధిలోకి వస్తాయి, విజయవాడలో ఆ కోర్టు ఉంది. అత్యవసర ఉత్తర్వు కోరకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వం (మీడియేషన్) తప్పదు. కేంద్ర సంస్థల భవనాలకైతే ఆర్బిట్రేషన్ నిబంధన, అంటే కోర్టు బదులు ఆర్బిట్రేటరే తీర్పు చెప్పే ఏర్పాటు, ఉండవచ్చు. 2024 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ దాన్ని సాధారణంగా 10 కోట్ల లోపు తగాదాలకే పరిమితం చేయమంది. గడువులోనూ తేడా ఉంది. ప్రభుత్వం వేసే దావాకు 1963 కాలపరిమితి చట్టం 30 ఏళ్లిస్తుంది. నగరపాలక సంస్థలు, బోర్డులు ఆ లెక్కలోకి రావు, వాటికి మామూలుగా మూడేళ్లే. కార్పొరేషన్ భవనానికి నాలుగో ఏట మేల్కొంటే దావా దారి దాదాపు మూసుకుపోయినట్టే.

నా తూకం ఇది. కారుడు, పెచ్చులు, పైపులు, టైల్స్ అయితే కాంట్రాక్టరుతోనే చేయించాలి, గడువుకు రాకపోతే వెంటనే రెండో దారి పట్టాలి. కోర్ టెస్టులో, అంటే కట్టిన కాంక్రీటు నుంచి ముక్క కోసి చేసే పరీక్షలో, బలం తక్కువని తేలినా, స్తంభాలు బీటలిచ్చినా డిపాజిట్ ఏ మూలకూ రాదు, దావాకే వెళ్లాలి. అక్కడ అతుకులకు ఒప్పుకోవడం లోపల తిరిగే పిల్లలకూ రోగులకూ ద్రోహం. ‘నాడు-నేడు’ బడుల్లో పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా జరిగాయి. డిపాజిట్ పట్టుకోవడానికి మామూలు కాంట్రాక్టరే లేనప్పుడు పై తూకం పనికిరాదు, మరమ్మతు భారం శాఖే మోయాలి.

మామూలు పౌరుడికీ ఇందులో పనుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద నగరంలోని ఆఫీసుకు పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టి, పని పూర్తయిన తేదీ, డిపాజిట్ విడుదల తేదీ, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టులు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలో ఉంది. అర్జీ రెండో వానాకాలం మధ్యలోనే, డిపాజిట్ ఇంకా శాఖ చేతిలో ఉండగానే పెట్టండి.