ముగింపు తెలిసిన కథా, తెలియని కథా: ఏది మేలు?

మా మేనకోడలికి కథ ముందే చెప్పేసేవాళ్లంటే గిట్టదు. రాజోలులో ఉంటుంది. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి సెలవుల్లో ఉంది. "అత్తా, రెండు పుస్తకాలకు నాన్న డబ్బులిచ్చాడు. డ్రాగన్లున్నది ఒకటి, హంగర్ గేమ్స్ వరుసలో కొత్తది ఒకటి అనుకుంటున్నాను. నువ్వు రెండూ చదివావుగా, ఏది బాగుంది? కథ మాత్రం చెప్పకు" అని ఫోను చేసింది. కథ చెప్పకుండా పుస్తకం సంగతి చెప్పడం ముళ్లు చూసుకోకుండా పులస తినడం లాంటిది. అప్పటికేదో తడబడుతూ చెప్పాను. ఫోను పెట్టేశాక మాత్రం దాని షరతు గురించే ఆలోచన. కథ తెలిసిపోతే చెడిపోయే పుస్తకం ఏది, తెలిసినా చెడనిది ఏది? తీరా చూస్తే ఆ రెండు పుస్తకాలకూ ఉన్న అసలు తేడా అదే.

డ్రాగన్లున్నది రెబెకా యారోస్ రాసిన "ఫోర్త్ వింగ్", 2023లో వచ్చింది. నేను దాన్ని నరసాపురం రేవులో మొదలుపెట్టాను. సఖినేటిపల్లి వైపు వెళ్లే పంటు కోసం గంటసేపు ఎదురుచూసి, అది వచ్చి, మోటారు సైకిళ్లూ అరటి గెలలూ ఎక్కి, అవతలి ఒడ్డు చేరి అందరూ దిగుతున్నా తల ఎత్తలేదు. పంటు మనిషి వచ్చి "అమ్మా, దిగరా?" అని అడగాల్సి వచ్చింది. అంత పట్టు ఉంది దానికి, కాదనను.

వయొలెట్ అనే ఇరవై ఏళ్ల అమ్మాయి. చిన్నప్పటి నుంచి పుస్తకాల మధ్య లేఖకురాలిగా పెరిగింది. సైన్యాధికారి అయిన తల్లి బలవంతం మీద డ్రాగన్ల మీద స్వారీ చేసే యుద్ధ కళాశాలలో చేరాల్సి వస్తుంది. మొదటి రోజే ఒక సన్నని రాతి గోడ మీద నడిచి అవతలికి పోవాలి. జారితే చావే. ఆ గోడ ఎక్కేముందు, అప్పుడే పరిచయమైన రియానన్ అనే అమ్మాయి బూట్ల అడుగు నున్నగా ఉందని వయొలెట్ గమనిస్తుంది. తన బూటు ఒకటి ఆ అమ్మాయికిచ్చి, ఆ అమ్మాయిది ఒకటి తాను వేసుకుంటుంది. ఇద్దరికీ ఒక కాలు పట్టు, ఒక కాలు జారుడు.

ఈ బూట్ల మార్పిడి దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు గోదావరి వైపు చూస్తూ కూర్చున్నాను. మా చిన్నప్పుడు బోదె దాటడానికి అడ్డంగా ఒక కొబ్బరి మాను పడేసి ఉండేది. వాన పడితే దాని మీద పాచి. చెప్పులు చేత పట్టుకుని, కాలి వేళ్లు మానుకు పట్టించి, కిందికి చూడకుండా నడవాలి. మానులో సగానికి వచ్చాక వెనక్కి తిరగడం కుదరదు. ఒకసారి సంచీతో సహా పడ్డాను. నేను తడిసినందుకు కాదు, పుస్తకాలు తడిసినందుకు అమ్మ వీపు మోగించింది. జారేది మనసు కాదు, ముందు అరికాలు. ఈ రచయిత్రికి ఆ సంగతి తెలుసు.

అయితే మూడు నెలల తర్వాత అదే పుస్తకం మళ్లీ తీశాను. వందో పేజీ దాటలేకపోయాను. ఈ అమ్మాయి బతుకుతుందా, ఆ జేడెన్ అనే అబ్బాయి ఆమెను చంపుతాడా ప్రేమిస్తాడా, సరిహద్దు అవతల ఏముంది, అనే మూడు ప్రశ్నల మీదే బండి నడుస్తుంది. మూడింటికీ జవాబులు తెలిశాక వాక్యాలు పలచబడిపోయాయి. టైర్న్ అనే నల్ల డ్రాగన్ ఒక్కటే రెండోసారి కూడా నవ్వించింది. అరుగు మీద కూర్చుని వచ్చేపోయే పిల్లలందరినీ విసుక్కుంటూనే కాపు కాసే పెద్దాయన తీరు దానిది.

ఇంకో మాట కూడా మా అన్నయ్య చెవిన వేయాలి. అట్ట మీద డ్రాగన్ల హంగు చూసి ఒక దుకాణంలో దీన్ని పిల్లల అరలో సర్దారు. ఇది పెద్దవాళ్ల పుస్తకం. పడకగది సన్నివేశాలు దాపరికం లేకుండా ఉంటాయి. పదహారేళ్ల పిల్లకు నేను కొనివ్వను. పద్దెనిమిది నిండాక నా ప్రతి తీసుకుని చదువుకుంటుంది. వానాకాలపు చెమ్మకు అట్ట ఉబ్బి ఉంది గానీ అక్షరాలు బాగానే ఉన్నాయి.

రెండోది సుజాన్ కాలిన్స్ రాసిన "సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్", 2025 మార్చిలో వచ్చింది. పేరుకు యువ పాఠకుల నవల. దీని ముగింపు ప్రపంచమంతటికీ ముందే తెలుసు. హంగర్ గేమ్స్ అంటే చీటీల్లో పేరొచ్చిన పిల్లల్ని, ఒక్కరే మిగిలేదాకా ఒకరినొకరు చంపుకోమని వదిలి, దాన్ని టీవీలో చూపించే పోటీ. హంగర్ గేమ్స్ చదివినవాళ్లకు హేమిచ్ తాగుబోతుగా, నడివయసు మనిషిగా పరిచయం. తన కాలపు పోటీలో అతనే గెలిచాడని 2009 నాటి "క్యాచింగ్ ఫైర్"లోనే ఉంది, ఆ తర్వాత అయినవాళ్లెవరూ మిగలలేదని 2010 నాటి "మాకింగ్‌జే"లో ఉంది. ఇప్పుడు ఆ హేమిచ్ పదహారో పుట్టినరోజున కథ మొదలవుతుంది. నలభై ఎనిమిది మంది పిల్లల్లో ఎవరు మిగులుతారో మొదటి పేజీకే తెలుసు. మరి చదవడానికి ఏముంది?

దీనికి జవాబు నాకు మా నానమ్మ దగ్గర దొరికింది. శ్రీరామనవమి పందిట్లో అభిమన్యుడి హరికథ. పిల్లవాడు పద్మవ్యూహంలోకి వెళ్లాడు, వెనకే రావాల్సిన భీముణ్ని సైంధవుడు అడ్డగించాడు. సరిగ్గా అక్కడ హరిదాసు చిడతలు ఆపి సోడా అడిగాడు. (ప్రతి ఏడూ అక్కడే ఆపేవాడు, ఆయనకు దాహం ఎప్పుడు వేయాలో బాగా తెలుసు.) నానమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆ కథ ఆమె ఎన్ని వందల సార్లు విని ఉంటుందో! నా చెవి దగ్గరకు వంగి, "ఈసారైనా ఆ సైంధవుడు పక్కకు తప్పుకుంటే బాగుండును" అంది.

హేమిచ్ కథను నేను అచ్చం అలాగే చదివాను. ఇంట్లో తల్లి, తమ్ముడు సిడ్, ప్రేమించిన లెనోర్ డవ్ కనిపించిన ప్రతిసారీ, ఈసారైనా బతికితే బాగుండును అనిపించింది. చివర్లో ఒక మిఠాయి పొట్లం వస్తుంది. అంతకు మించి చెప్పను, మాటిచ్చాను కదా.

ఇందులో ఇంకో గట్టి సంగతి ఉంది. "క్యాచింగ్ ఫైర్"లో హేమిచ్ పోటీ టేపును ఆ పాత పుస్తకాల కథానాయిక కాట్నిస్ చూస్తుంది, ఆమెతో పాటు మనమూ చూశాం, నమ్మాం. ఆ టేపులో ఏది కత్తిరించి ఏది అతికించారో కొత్త పుస్తకం బయట పెడుతుంది. అసలు హేమిచ్ పేరు చీటీలో రానేలేదు. పేరు వచ్చిన పిల్లవాడు పారిపోబోతే కాల్చి చంపి, ఆ గొడవలో అడ్డం వెళ్లిన హేమిచ్‌ను బదులుగా లాగి, టీవీ కోసం తంతు మళ్లీ చక్కగా నడిపిస్తారు. చూసేవాళ్లకు నెత్తురు కనిపించదు.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద ఇరవై అయిదు లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా బంధువులు లంకలో చిక్కుకున్నారు. మూడో ప్రమాద హెచ్చరిక పదిహేడు లక్షలకే ఇస్తారు, దాన్నిబట్టి నీరెంతో ఊహించుకోండి. మూడో రోజు పడవ మీద పాల ప్యాకెట్లు వచ్చాయి. వాటితో పాటు ఒక టీవీ చానెల్ కెమెరా. మా పెద్దమ్మ ప్యాకెట్ అందుకుంది. "సరిగా రాలేదమ్మా, మళ్లీ ఒకసారి అందుకోండి" అన్నారు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి తిరిగిచ్చేసి మళ్లీ అందుకుంది. రాత్రి టీవీలో వచ్చింది రెండోసారి అందుకున్నదే. అందులో నవ్వుతోంది కూడా. కాలిన్స్ పుస్తకంలో ఆ తంతు చదివినప్పుడు నాకు పెద్దమ్మ నవ్వే గుర్తొచ్చింది. ఎవరు గెలిచారన్నది అందరికీ తెలిసిన కథలో, మనకు చూపించనిది ఎంత ఉందో చెప్పడం దీని పని. ముందే ముగింపు తెలియకపోతే ఈ దెబ్బ తగలదు.

అలాగని లోపాలు లేవని కాదు. పాత పుస్తకాల మనుషులు అవసరానికి మించి ఎదురుపడుతుంటారు, పెళ్లింట్లో చుట్టాల్లాగా. పాటలూ పద్యాలూ ఎక్కువ. అయినా రెండోసారి చదివినప్పుడే నాకు ఇంకా నచ్చింది.

ఈ లెక్కన ఇంకో రెండు పుస్తకాల గురించి కూడా చెప్పాలి, మేనకోడలు అడగకపోయినా. తాషా సూరి "ది జాస్మిన్ త్రోన్" 2021లో వచ్చింది, మరుసటి ఏడు వరల్డ్ ఫాంటసీ అవార్డు అందుకుంది. ప్రియ, మాలిని, భూమిక, అశోక్ అంటూ పాత్రలన్నీ మన పక్కింటి పేర్లతో తిరుగుతాయి. రావు అనే రాజకుమారుడు కూడా ఉన్నాడు. మండలాఫీసులో కూర్చోవాల్సిన పేరు కిరీటం పెట్టుకు వచ్చేసరికి మొదట నవ్వొచ్చింది. కానీ అతని అసలు పేరు వేరు. అది ఒక జోస్యం, బయటికి చెప్పకూడదు. జరగబోయేది పేరులోనే మోసుకు తిరిగే మనిషి! నెమ్మదిగా నడిచే పుస్తకం, మొదటి వంద పేజీలు ఓర్చుకోవాలి. ఇదీ పెద్దవాళ్లదే.

ఆర్. ఎఫ్. క్వాంగ్ "బేబెల్" (2022) నాకు అన్నిటికన్నా ఇష్టం. 1830ల నాటి ఆక్స్‌ఫర్డ్, అక్కడ అనువాదకుల గోపురం. వెండి కడ్డీకి ఒక వైపు ఒక భాష మాట, రెండో వైపు ఇంకో భాషలో దానికి సాటి మాట చెక్కుతారు. అనువాదంలో జారిపోయిన అర్థమే మంత్రమై పని చేస్తుంది. ఒక కడ్డీ మీద ఫ్రెంచి "త్రియాకల్", ఇంగ్లీషు "ట్రీకల్" ఉంటాయి. విషానికి విరుగుడు అనే మాట కాలక్రమంలో తీపి పాకం అయింది. చేదు మందును బెల్లంలో పెట్టి మింగించిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. చదివిన వారం రోజులూ నేను "ఎంగిలి" అని ఒక వైపు చెక్కి, రెండో వైపు ఇంగ్లీషులో ఏం చెక్కాలా అని ఆలోచిస్తూ తిరిగాను. ఏ మాట పెట్టినా సగానికి పైగా జారిపోతుంది. కథ ప్రకారం ఆ కడ్డీకి చాలా బలం ఉండాలి!

ఈ పుస్తకం ముగింపును దాచే ప్రయత్నమే చేయదు. హింస ఆవశ్యకత అని పూర్తి పేరులోనే ఉంది. గోదావరి వాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది దీన్ని చదవడానికి. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు నన్నయ చేత భారతాన్ని తెనిగింపజేసినప్పుడు, ఆ కథ తెలియని వాళ్లెవరు సభలో? కొత్తది కథ కాదు, భాష. అయితే బేబెల్ బరువైన పుస్తకం, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వివరణలు చీమల బారులా సాగుతాయి. పదహారేళ్లకు ఓపిక ఉంటుందా అంటే సందేహమే.

కాబట్టి అన్నయ్య ఇచ్చిన డబ్బుల్లో సగం హేమిచ్‌కు. మిగతా సగం దాచుకోమన్నాను. వచ్చే ఆదివారం పంటు దాటి రాజోలు వెళ్తున్నాను, బేబెల్ నా ప్రతి సంచీలో పెట్టుకున్నాను. ఇంటర్ రెండో సంవత్సరం అయ్యాక చదువుకోమంటాను. దాని చేతికిచ్చేముందు చివరి అధ్యాయంలో ఏమవుతుందో మొత్తం చెప్పేస్తాను, చెవులు మూసుకున్నా సరే.