టురిన్‌లో సిస్టర్ల ఇంట వాలంటీరుగా

ఇటలీలోని టురిన్‌లో వాలంటీరుగా ఉండటానికి చోటు వెతికితే హాస్టల్, షేరింగ్ ఫ్లాట్, కాన్వెంట్ కనిపిస్తాయి. నేను కాన్వెంట్‌లో, అంటే క్రైస్తవ సన్యాసినులైన సిస్టర్లు ఉండే ఇంట్లో ఉన్నాను. వృద్ధులకు భోజనం వడ్డించడం, సాయంత్రాలు వలస కుటుంబాల పిల్లల చేత హోంవర్క్ చేయించడం నా పని. గదికి అద్దె లేదు, తిండి సిస్టర్లతోనే. అయితే డబ్బు మిగులుతుందని మాత్రమే వెళ్తే అక్కడ ఇమడలేరు. అది లాడ్జి కాదు, ఇల్లు. ఆ ఇంటి వేళలకు మనమే సర్దుకోవాలి.

పన్నెండున్నరకి భోజనం, రాత్రి ఏడున్నరకి మళ్లీ బల్ల దగ్గరికి. తొమ్మిది దాటితే వరండాలో మాట వినపడకూడదు, పదింటికి గేటు వేసేస్తారు. పొద్దున ప్రార్థనకు మనం వెళ్లి తీరాలని లేదు. వయసులో ఉన్నవాళ్లకి ఇదంతా ఇరుకుగా అనిపించవచ్చు. నాకు మాత్రం, భాష రాని ఊళ్లో రోజూ ఒకే వేళకి నా కోసం ఒక కుర్చీ ఉందంటే కొండంత ధైర్యం.

భాష వచ్చింది కూడా అక్కడే. ఇటాలియన్ సిస్టర్లలో పెద్దవయసు వాళ్లే ఎక్కువ, ఇంగ్లిష్ రాదు. బఠాణీలు ఒలుస్తూ ఒక్క మాటనే విసుగు లేకుండా పదిసార్లు చెప్పేవారు. ఫీజు కట్టి చేరిన క్లాసులో ఆ ఓపిక నాకు దొరకలేదు.

తిండే కష్టం. పాస్తా, కూరగాయల సూప్, చలికాలంలో మొక్కజొన్న పిండితో చేసే పొలెంతా. దేంట్లోనూ కారం ఉండదు. పోర్తా పలాత్సో మార్కెట్ నన్ను ఆదుకుంది. యూరప్‌లోని అతి పెద్ద బహిరంగ మార్కెట్లలో అదొకటి. చుట్టుపక్కల ఆసియా, ఆఫ్రికా దుకాణాల్లో పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర దొరుకుతాయి. మామూలు రోజుల్లో మధ్యాహ్నానికే సర్దేస్తారు కాబట్టి శనివారం వెళ్లడం మంచిది. ఒక ఆదివారం చారు పెడితే, వంటింటి సిస్టర్ అందులో గ్రిస్సీని ముంచుకుని ఇష్టంగా తిన్నారు. గ్రిస్సీని అంటే కరకరలాడే సన్నటి రొట్టె పుల్లలు, ఆ ఊరి ప్రత్యేకత.

అన్నం మీద బెంగ పెట్టుకున్నవాళ్లు మిలాన్ వైపు రీజనల్ రైలెక్కండి. హైస్పీడ్ రైలు గంటలో చేరుస్తుంది గానీ, రీజనల్ రైలు దారిలో వెర్చెల్లి, నొవారా వరిపొలాలు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మడుల నిండా నీళ్లు. గోదావరి జిల్లాల వాళ్లయితే కిటికీ వదలరు.

కాగితాల పని టెన్షన్ పెడుతుంది. 90 రోజులు మించి ఉండేవాళ్లు దేశంలో అడుగుపెట్టిన 8 పనిదినాల్లోపు నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. పోస్టాఫీసులో ఇచ్చే ఫారాల కిట్ నింపి, 16 యూరోల స్టాంపు అంటించి ఇస్తారు. వేలిముద్రలకు పోలీసుల దగ్గరికి వెళ్లాలి. కార్డు రావడానికి నెలలు పట్టవచ్చు, అందాకా పోస్టాఫీసు ఇచ్చిన రసీదే ఆధారం. ఈ పనులన్నిటికీ ఒక సిస్టర్ నాతో వచ్చి క్యూలో నిలబడ్డారు. ఫ్లాట్‌లో ఉంటే ఇలా ఎవరొస్తారు?

సికింద్రాబాద్ సెయింట్ ఆన్స్ స్కూలు మనలో ఎందరికో తెలుసు. ఆ సిస్టర్ల సంఘం 1834లో ఈ టురిన్‌లోనే పుట్టింది. 1871లో వాళ్లు సికింద్రాబాద్ చేరారు. సంఘాన్ని స్థాపించిన దంపతులు అప్పట్లో నివసించిన ‘పలాత్సో బరోలో’ అనే భవనం చూడటానికి వెళ్లినప్పుడు, మన ఎండలకీ, కారానికీ ఆ తొలి సిస్టర్లు ఎలా అలవాటుపడ్డారోనని చాలాసేపు ఆలోచించాను. నాకు వెనక వైఫై, వీడియో కాల్ ఉన్నాయి. వాళ్లకి ఉత్తరాలే.

ఒక్క ఇబ్బంది చెప్పాలి. సిస్టర్లకు సెలవంటూ ఉండదు. ఎనభై దాటినావిడ నేల తుడుస్తుంటే మనం ఊరు చూడటానికి బయల్దేరలేం. వారంలో ఒకరోజు నాదని మాట్లాడుకున్నాకే నాకు ఊపిరాడింది. మీరు మాత్రం ఆ సెలవు రోజు, గేటు వేళ, ఇన్సూరెన్స్ ఎవరిది అన్నవి బయల్దేరకముందే రాతలో తీసుకోండి. ఆగస్టులో మొదలుపెట్టకండి. పిల్లలకు సెలవులు, 15న ఫెర్రగోస్తో పండుగ, సగం ఊరికి తాళాలే. అక్టోబరు మొదట్లో చేరితే పని ఉంటుంది. 15 నుంచి గదుల్లో హీటింగ్ కూడా వేస్తారు.