బ్రాడీపేట టిఫిన్ హోటల్: తిండికి నాలుగు స్టార్లు, ర్యాంపుకి నాలుగున్నర

పేరు రాయొద్దన్నాడు ఓనరు బాబాయ్. "వచ్చేవాళ్లకే కూర్చునే చోటు లేదమ్మాయ్, నువ్వు రాస్తే ఇంకా వస్తారు, ఎక్కడ కూర్చోబెట్టను?" అన్నాడు. కాబట్టి గుర్తు మాత్రం చెప్తా. గుంటూరు బ్రాడీపేటలో ఓ అడ్డరోడ్డు మూల మీద, పెనం మీద నీళ్లు చల్లితే చుయ్యిమన్న చప్పుడు రోడ్డు దాకా వినపడే హోటల్.

ముందు తిండి సంగతి. నెయ్యి కారప్పొడి ఇడ్లీకి వంక పెట్టలేను. పెసరట్టు కరకరలాడుతూనే వస్తుంది గానీ, లోపల ఉప్మా ముద్దముద్దగా ఉంటుంది. సాంబారు తియ్యన. గుంటూరులో ఉండి సాంబార్లో బెల్లమేంటో! అల్లం చట్నీ కావాలంటే ఎనిమిదిన్నరలోపు వెళ్లండి.

ఇక ర్యాంపు. పోలియో వల్ల చిన్నప్పటి నుంచీ నాది వీల్‌చైరు బతుకు. 2016లో రియో పారాలింపిక్స్‌లో దీపా మలిక్ కూర్చుని గుండు 4.61 మీటర్లు విసిరి రజతం తెచ్చిందన్న వార్త చూసి, ముప్పై మూడేళ్ల వయసులో షాట్‌పుట్ మొదలెట్టాను. మూడు కిలోల గుండు. పొద్దున్నే బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో ప్రాక్టీసు అయ్యాక అందరం ఈ హోటల్‌కే వచ్చేవాళ్లం. గుమ్మం ముందు రెండు మెట్లు. ఇద్దరు కుర్రాళ్లు చెరో వైపు పట్టుకుని, మిర్చియార్డులో టిక్కీ (మిరపకాయల బస్తా) ఎత్తినట్టు నన్ను కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టేవాళ్లు. ప్రేమగానేలెండి. కానీ తినేవాళ్లందరూ చేతిలో ముక్క చేతిలోనే పెట్టుకుని చూసేవాళ్లు. అప్పటిదాకా ఇనుప గుండు విసిరొచ్చిన మనిషిని, రెండిడ్లీల కోసం సామానైపోయేదాన్ని.

ఓ రోజు ఉండబట్టలేక బాబాయ్‌తో అనేశాను. వారం తిరిగేసరికి ర్యాంపు రెడీ! మెట్ల మీదే సిమెంటు పోయించి, పైన నున్నటి టైల్స్ వేయించాడు. పొడవు నాలుగడుగులు. ఎక్కబోయానో లేదో ముందు చిన్న చక్రాలు గాల్లోకి లేచాయి, కుర్చీ వెనక్కి వాలింది. వెనకున్న కుర్రాడు పట్టుకోబట్టి తల దక్కింది. మేస్త్రీ మాత్రం "బైకు ఎక్కుతోంది కదండీ" అన్నాడు.

బాబాయ్ మొహం చిన్నబోయింది. టేపు తెప్పించమన్నాను. మెట్ల ఎత్తు మొత్తం 14 అంగుళాలు. అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి, అంటే ఈ గుమ్మానికి 14 అడుగుల ర్యాంపు. "రోడ్డు మధ్యకి పోతదమ్మాయ్!" అన్నాడు. మూల షాపు కావడం కలిసొచ్చింది. పక్క గోడ వెంట ఎనిమిదడుగులు, మలుపు దగ్గర కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదును, అక్కణ్నుంచి గుమ్మానికి ఆరడుగులు. టైల్స్ పీకించి గరుకు సిమెంటు చేయించాడు, తడిగా ఉండగానే దాని మీద గీతలు గీయించాడు. ఒక పక్క ఇనుప పైపు. ఇప్పుడు నా అంతట నేనే చక్రాలు తోసుకుంటూ లోపలికెళ్తాను. ఎవరూ ప్లేట్లోంచి తలెత్తరు.

అది పూర్తయిన రోజు బాబాయ్ చుట్టుపక్కల షాపుల వాళ్లని కేకేసి, "ఆ అంగుళాల లెక్కేదో వీళ్లక్కూడా చెప్పమ్మాయ్" అన్నాడు. మందుల షాపాయన, జిరాక్సాయన, ఫ్యాన్సీ షాపావిడ. చేతిలో టేపు పెట్టుకుని మాట్లాడాను. గొంతు వణికింది. నేను నలుగురిలో మాట్లాడడం అదే మొదలు. మందుల షాపాయన ఒక్కడే ర్యాంపు కట్టించాడు. ఇప్పుడు ఇంజినీరింగ్ కాలేజీల వాళ్లు పిలుస్తుంటారు. వాళ్లు అడిగేది ఆత్మవిశ్వాసం గురించి. నేను సివిల్ పిల్లలకి ఆ నాలుగడుగుల ర్యాంపు ఫొటో చూపించి తప్పేంటో చెప్పమంటాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం ప్రమాణాలు పాటించని ప్లానుకి అసలు అనుమతే ఇవ్వకూడదని చెప్తే, పిల్లలకన్నా ముందు లెక్చరర్లు ఫోన్లు తీసి వెతుక్కుంటారు.

సగం స్టారు ఎందుకు కోశానంటే, ఆదివారం ఎనిమిది దాటితే ర్యాంపు మొదట్లోనే బైకులుంటాయి. "బండ్లు పెట్టరాదు" అని ఎర్ర పెయింటుతో రాయించాడు బాబాయ్. ఆ అక్షరాల మీదే స్టాండు వేస్తారు మనవాళ్లు. మోకాళ్లు పట్టేలా కింద అడ్డకడ్డీ కోయించిన టేబులూ ఒక్కటే, గోడవైపుది. అది ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిందే.

కాఫీ మాత్రం చిక్కగా, డికాక్షన్ ఘాటు తగ్గకుండా ఇస్తారు. రెండోది తాగాలనిపిస్తుంది. తాగను. బాత్రూం తలుపు 24 అంగుళాలు, నా కుర్చీ 25. సంక్రాంతి వెళ్లాక ఆ తలుపు పెద్దది చేయిస్తానన్నాడు బాబాయ్. ఏ సంక్రాంతో చెప్పలేదు.