వైజాగ్ కంచరపాలెం మెట్టు దగ్గర బుల్లెట్ బళ్ళ రిపేరు షెడ్డు: ఒక్కడినే లడాఖ్‌లోని లేహ్ వెళ్ళొచ్చాక రాస్తున్న రివ్యూ

ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటి ఎందుకు కోసానో కిందికెళ్తే మీకే తెలుస్తుంది.

షెడ్డుకి బోర్డు లేదు. మెట్టు దగ్గర దిగి బుల్లెట్ల షెడ్డు ఎక్కడని అడిగితే టీ కొట్టు ఆయనైనా చూపిస్తాడు. రేకుల కప్పు, లోపల రెండు బళ్ళు పడితే మూడోది రోడ్డు మీదే. నాది 2014 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కార్బ్యురేటర్ (ఇంజన్‌కి పెట్రోలు, గాలి కలిపి ఇచ్చేది) ఉన్న పాతరకం బండి. జూన్ నెలాఖరులో వైజాగ్ నుంచి బయల్దేరి సాలూరు ఘాటు, కోరాపుట్, జగదల్‌పూర్, రాయ్‌పూర్, జబల్‌పూర్ మీదుగా ఢిల్లీ, అక్కణ్ణుంచి మనాలి, లేహ్, వచ్చేటప్పుడు కార్గిల్, శ్రీనగర్ మీదుగా తిరిగొచ్చా. మీటర్లో 6,480 కిలోమీటర్లు తిరిగింది. రూటు గురించి ఇప్పటికే వందమంది రాశారు కాబట్టి నేను బండి రెడీ చేసిన షెడ్డు గురించే రాస్తున్నా, ఎందుకంటే ఒక్కడినే వెళ్ళేవాడికి రూటు కన్నా ఇదే ముఖ్యం అని నాకు దారిలో అర్థమైంది.

మొదటిరోజు వెళ్ళి బండి స్టాండ్ వేయగానే మెకానిక్ బాబాయ్ అడిగాడు, "ఎక్కడికెల్తన్నావ్?" లేహ్ అన్నా. "ఎంతమంది?" ఒక్కడినే బాబాయ్ అన్నా. ఆయన బండి వైపు చూడలేదు, నా చేతుల వైపు చూశాడు. "ఎప్పుడైనా సక్రం ఇప్పేవా?" లేదు. "కేబులు మార్సేవా?" లేదు. "అయితే బండికి కాదు బాబూ, ముందు నీకు సెయ్యాల సర్వీసింగు" అన్నాడు, పక్కనున్న కుర్రాళ్ళు ఒకటే నవ్వు. నాకు మండింది గానీ అప్పటికే రెండు మూడు చోట్ల తిరిగి "మొత్తం ఓకే సార్, ఆయిల్ మార్చేస్తే చాలు" అని విని విసిగిపోయి ఉన్నా కాబట్టి నోర్మూసుకుని బండి అక్కడే వదిలేశా.

మాది పెదవాల్తేరు, బండి రాత్రంతా బయటే ఉంటుంది. ఆ ఉప్పుగాలికి ఏమవుతుందో వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. బాబాయ్ ఏం చేశాడంటే స్క్రూ డ్రైవర్ తీసుకుని చక్రం తిప్పుతూ ఒక్కో పుల్ల (స్పోక్) మీద కొట్టుకుంటూ వచ్చాడు, టింగ్ టింగ్ టింగ్ అని మోగుతూ మోగుతూ ఒకచోట డబ్ అంది. "ఇది పోయింది" అన్నాడు. వెనక చక్రంలో అలా మూడు దొరికాయి, పైకి మెరుస్తూనే ఉన్నాయి గానీ నిపుల్ దగ్గర, అంటే పుల్లని రిమ్ముకి బిగించే చిన్న నట్టు దగ్గర, తుప్పు తినేసి వదులైపోయాయి. లగేజీతో ఆ గుంతల్లో వెళ్తే ఒకటి తెగి దాని బరువు పక్కదాని మీద పడి వరసగా తెగుతాయట. పదేళ్ళుగా సర్వీసింగ్ చేయిస్తున్నా, ఇంతవరకు ఎవరూ పుల్ల మీద కొట్టి చూడలేదు.

పుల్లలు కాకుండా చైన్ స్ప్రాకెట్ కిట్, ముందు బ్రేక్ ప్యాడ్లు, వెనక బ్రేక్ షూలు, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగులు), ఆయిలు, ఫిల్టరు, కొత్త ట్యూబులు, లగేజీకి వెల్డింగ్ క్యారియర్ చేశాడు. సామాన్లు నేనే కొని తెచ్చుకున్నా, లేబర్ 2,600 తీసుకున్నాడు. అయిన పనికి తక్కువే అనిపించింది నాకు.

అసలు విషయం ఇప్పుడొస్తోంది. పని అయిపోయాక బండి ఇవ్వలేదు. "ఎనక సక్రం ఇప్పి, ట్యూబు మార్సి, బిగించి తీస్కెల్లు" అన్నాడు. ట్యూబ్‌లెస్ అయితే బయట నుంచి స్ట్రిప్ గుచ్చి గాలి కొట్టుకుని వెళ్ళిపోవచ్చు, పుల్లల చక్రానికి ఆ సుఖం లేదు, మొత్తం విప్పాలి. బ్రేక్ రాడ్ నట్టు తియ్యి, చైను స్ప్రాకెట్ మీంచి దించు, స్పిండిల్ (చక్రం మధ్యలో ఉండే ఇరుసు) లాగు, బండిని ఒక పక్కకి ఒంచితేగానీ చక్రం బయటికి రాదు. మొదటిసారి నాకు గంటా యాభై నిమిషాలు పట్టింది, అదీ టైరు విప్పే లీవరుతో ట్యూబుని నొక్కేసి కొత్త ట్యూబుకి నేనే కన్నం పెట్టా. అప్పుడు చెప్పాడు, ట్యూబు లోపల పెట్టేముందు రెండు కొట్లు గాలి కొడితే గుండ్రంగా ఉంటుంది, లీవరు కింద పడదు అని. ముందే చెప్పొచ్చుగా అంటే "ముందు సెప్తే మర్సిపోతావ్" అన్నాడు. ఇంకోటి, కొత్త ట్యూబు ఎక్కించేముందు టైరు లోపల చెయ్యిపెట్టి మెల్లగా తడమాలి, మేకు అక్కడే ఉండిపోతే రెండో ట్యూబు కూడా పోతుంది. అలా మూడు సాయంత్రాలు మూడుసార్లు చేయించాడు. మూడోసారికి నలభై నిమిషాలు.

క్లచ్ కేబుల్ సంగతి ఇంకా బావుంది. స్పేర్ కేబుల్ అందరూ బ్యాగులో పెట్టుకుంటారు కదా, ఈయన దాన్ని పాత కేబుల్ పక్కనే, ట్యాంకు కింద నుంచి అదే దారిలో లాగేసి రెండు చివర్లకి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంచేశాడు. తెగితే ట్యాంకు విప్పక్కర్లేదు, ఇటు అటు తగిలించుకోవడమే. నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

రాయ్‌పూర్ దాటాక కవర్ధా దగ్గర క్లచ్ బిగుసుకుంటున్నట్టు అనిపించింది. ఎండలో చెయ్యి నొప్పేమో అనుకుని వెళ్ళిపోయా, చిల్పీ ఘాటు ఎక్కుతుండగా టప్‌మని లీవరు వదిలేసింది, వెనక లారీ హారన్, ముందు మలుపు. బండి పక్కకి తోసి చూస్తే లీవరు దగ్గర కేబులు తెగి తీగలన్నీ చీపురులా విచ్చుకున్నాయి. టేపు కోసి కొత్తది తగిలించి, లీవరు దగ్గర కొంచెం లూజు పెట్టి స్టార్ట్ చేశా. ఇరవై ఐదు నిమిషాలు, అందులో పది నిమిషాలు కోతి నా గ్లౌజు ఎత్తుకుపోతే దాని వెనక పడ్డది. ఆ స్పేరు బ్యాగు అడుగున ఉండుంటే అక్కడ సామానంతా రోడ్డు మీద పరిచి కూర్చునేవాణ్ణి.

అటల్ టన్నెల్ దాటాక తాండీ దగ్గర పెట్రోల్ బంకు ఉంటుంది, నేను వెళ్ళినప్పుడు తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని బోర్డు పెట్టి ఉంది, అందరూ ఫొటో దిగేది అక్కడే. నా ట్యాంకు 13.5 లీటర్లు, మామూలుగా లీటరుకి 35 కిలోమీటర్లు ఇచ్చే బండి కాబట్టి సరిపోతుందనుకున్నా. బాబాయ్ మాత్రం రెండు ఐదు లీటర్ల క్యాన్లు కట్టించాడు. పైకెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది, కార్బ్యురేటర్ మాత్రం పెట్రోలు అంతే పోస్తుంది, నల్లపొగ వస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది, లాగదు, మైలేజీ పడిపోతుంది, కంగారుపడి స్క్రూలు తిప్పకు, ఐడిలింగ్ కొంచెం పెంచుకుని ప్లగ్గు తుడుచుకో చాలు అన్నాడు. అన్నట్టే బారాలాచా కనుమ ఎక్కేటప్పుడు మైలేజీ 26కి పడింది. విచిత్రం ఏంటంటే ఈయన సాలూరు ఘాటు దాటి ఎప్పుడూ వెళ్ళలేదట. శ్రీకాకుళం వైపు నుంచి ఆర్మీలోకి వెళ్ళిన కుర్రాళ్ళు సెలవులకొచ్చినప్పుడు వాళ్ళ బళ్ళు ఇక్కడికే వస్తాయి, వాళ్ళని అడిగి అడిగి తెలుసుకున్నాడు.

మోరే ప్లెయిన్స్‌లో వెనక టైరు పంచర్ అయింది. అది 15,000 అడుగుల పైన ఉండే మైదానం, చుట్టూ ఏమీ ఉండదు, ఫోన్ సిగ్నల్ లేదు, ఉన్నా మన ప్రీపెయిడ్ సిమ్ లడాఖ్‌లో పనిచెయ్యదు. లగేజీ దించి, ఇసుకలో స్టాండు దిగకుండా కింద చదునురాయి పెట్టి మొదలెట్టా. కంచరపాలెంలో నలభై నిమిషాల పని అక్కడ గంటన్నర పట్టింది, ఎందుకంటే పంపుతో పది కొట్లు కొడితే రెండు నిమిషాలు కూర్చోవాలి, ఊపిరి అందదు. టైరులో చెయ్యి పెట్టి తడిమితే సన్నటి ఇనపతీగ గుచ్చుకుంది, వేలికి రక్తం వచ్చింది, నాకు మాత్రం భలే ఆనందమేసింది.

ఇక తిట్లు. మూడ్రోజుల్లో ఇస్తా అన్న బండి ఎనిమిదో రోజు ఇచ్చాడు, మధ్యలో ఎవరిదో పెళ్ళని రెండ్రోజులు షెడ్డే తియ్యలేదు, ఫోన్ ఎత్తడు. షెడ్డులో కుర్రాడు ట్యాంకు మీద పానా పడేసి గీత పెట్టాడు, అడిగితే "ఎలాగూ దారిలో పడతాయి కదా" అని బాబాయ్ సమాధానం, ఇదేం లాజిక్కో. క్యారియర్ వెల్డింగ్ వచ్చేటప్పుడు జోజిలా కనుమ దిగేసరికి పగిలింది, సోనామార్గ్ దాకా తాడుతో కట్టుకుని వెళ్ళా. వైరింగ్ పని అస్సలు చేయించకండి, అదనంగా పెట్టించుకున్న హారన్ మొదటి వానకే మూగబోయింది. బిల్లు ఇవ్వడు. మీది బీఎస్6 బండి అయితే, అంటే 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళు, ఈయన దగ్గర ఇంజన్ లోపం చూపించే స్కానర్ లేదు, ఇంజన్ లైటు వెలిగితే ఆయనా మీలాగే చూస్తూ కూర్చుంటాడు. చైను, బ్రేకులు, కేబుళ్ళు, చక్రాలు వరకు అయితే కళ్ళు మూసుకుని ఇవ్వొచ్చు. కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వండి, సాయంత్రాలు మీరూ వెళ్ళండి, పాత బట్టలేసుకుని.

తిరిగొచ్చాక ఫొటోలు చూపిద్దామని తెగిన కేబుల్ పట్టుకుని మరీ వెళ్ళా. ఫొటోలు రెండు చూసి ఫోను ఇచ్చేశాడు. "నా లీవర్లు ఏవి?" అన్నాడు. వెళ్ళేటప్పుడు తన టైరు లీవర్లు రెండు అప్పిచ్చాడు, నేను మర్చేపోయా. తీసిస్తే ఒకదాన్ని కంటి ముందు పెట్టుకుని చూసి "వంకర సేసేసావ్" అని 150 తీసుకున్నాడు.